గిటారు ఎక్కడ కొనాలి? ఒక పాత వీపీపీ కథ

మొన్నామధ్య ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు యారాడ నుంచి ఫోన్ చేశాడు. ఇంటర్ పరీక్షలయ్యాక సెలవుల్లో ఒక పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ దగ్గర లైట్లు మోసి ఎనిమిది వేలు వెనకేశాడట.

"మావయ్యా, గిటారు కొందామనుకుంటన్నాను. ఆన్‌లైన్‌లో కొనీమంటావా, టౌనుకెళ్ళి కొట్లో కొనీమంటావా?"

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, "ఆన్‌లైన్‌లో కొనీరా, రెండు వేలు తక్కువకొస్తుంది" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో ఆగి, "సాయంత్రం చెప్తానుండు" అన్నాను. ఆ సాయంత్రం లోపల నేను ఆలోచించిందే ఇదంతా.

యారాడ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డాల్ఫిన్స్ నోస్ కొండకి అవతలి పక్క ఉంటుంది. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. సింధియా జంక్షన్ దాటి, కొండెక్కి దిగితే గానీ ఊరు రాదు. 1933లో విశాఖ రేవు తెరిచారు. 1948లో సింధియా వాళ్ళ షిప్‌యార్డులో కట్టిన 'జలఉష'ని నెహ్రూ గారు వచ్చి నీళ్ళలోకి దింపారు. అంటే దాదాపు తొంభై ఏళ్ళుగా దేశదేశాల సరుకు యారాడ పక్కనించే పోతోందన్నమాట. కానీ అందులో ఏది కావాలన్నా యారాడ వాడు కొండెక్కి అవతలకి వెళ్ళాల్సిందే. ఇప్పుడు ఆ కొండ ఎక్కి దిగే పని డెలివరీ కుర్రాడు చేస్తున్నాడు. కాబట్టి మా వాడి ప్రశ్న ఉత్త ధరల ప్రశ్న కాదు.

ఈ ఆన్‌లైన్ కొనుగోళ్ళు మన తరమే కనిపెట్టినట్టు మాట్లాడుకుంటాం. 2007లో ఫ్లిప్‌కార్ట్ బెంగుళూరులో పుస్తకాలమ్ముతూ మొదలైంది, 2010లో 'సరుకు వచ్చాకే డబ్బులు' పద్ధతి పెట్టింది, దాంతో కార్డుల్లేని జనం కూడా కొనడం మొదలుపెట్టారు, అని చెప్పుకుంటాం. నిజమే. కాకపోతే ఆ పద్ధతి మన పోస్టాఫీసుల్లో 1877లోనే ఉంది. దాని పేరు వీపీపీ. అమ్మేవాడు పార్సెల్ మీద ధర రాసి పోస్టులో వేస్తాడు. పోస్ట్‌మాన్ మన గుమ్మం ముందు ఆ ధర వసూలు చేసి పార్సెల్ ఇస్తాడు. ఆ డబ్బు మనియార్డరుగా అమ్మినవాడికి చేరుతుంది. కొన్నవాడూ అమ్మినవాడూ ఒకరి మొహం ఒకరు చూసుకునే పనే లేదు. పాత తెలుగు పత్రికలు తిరగేయండి, పుస్తకాల దగ్గర్నించి వాచీలు, మందుల దాకా ప్రతి ప్రకటన కిందా 'వి.పి.పి. ద్వారా పంపబడును' అని కనిపిస్తుంది. ఒకే ఒక్క మెలిక, డబ్బు కట్టాకే మూట విప్పాలి.

మా తాతగారు ఇలాగే ఒక హార్మణీ తెప్పించారు. చోడవరం దగ్గర పల్లె మాది. 1950ల సంగతి. ఊళ్ళో పద్యనాటకం ఆడిన ఒక సమాజం వాళ్ళ దగ్గర హార్మణీ చూసి మనసు పడ్డారాయన, మన భజనకి కూడా ఒకటి ఉండాలని. అప్పట్లో హార్మణీ అంటే కలకత్తానే. 1875లో ద్వారకానాథ్ ఘోష్ అక్కడ ద్వార్కిన్ కంపెనీ పెట్టాడు. కాళ్ళతో తొక్కే యూరపు హార్మోనియాన్ని నేల మీద కూచుని చేత్తో గాలి కొట్టుకునేలా మార్చి మనకిచ్చినవాళ్ళలో ఆయన పేరే ముందు చెప్తారు. తర్వాత ఈస్ట్ కోస్ట్ రైలు పడింది, కలకత్తా సరుకు మన స్టేషన్లలో దిగడం మొదలైంది. తాతగారు ఒక కంపెనీకి (ద్వార్కిన్ కాదు లెండి) కార్డు ముక్క రాశారు. పెట్టె రైల్లో వచ్చింది, దాని రైల్వే రసీదు వీపీపీలో వచ్చింది. రసీదు విడిపించుకుని అనకాపల్లి స్టేషనుకి బండి కట్టుకెళ్ళి హార్మణీ తెచ్చారు.

తెచ్చాక చూస్తే మధ్య స్థాయిలో ఒక మెట్టు పలకలేదు. ఊళ్ళో అంతకు ముందు హార్మణీ ముట్టుకున్నవాడు లేడు. తిత్తి సరిగ్గా కొట్టడం రాలేదేమో, వేలు సరిగ్గా పడలేదేమో అనుకున్నారు తప్ప, పెట్టెలో లోపం ఉందని ఎవరికీ తట్టలేదు. తర్వాత్తర్వాత ఆ మెట్టుని తప్పించుకుంటూ వాయించడం అలవాటైపోయింది. నాలుగేళ్ళు మా ఊరి భజన ఒక స్వరం లేకుండానే నడిచింది. జాతరకి వచ్చిన ఇంకో నాటక సమాజం హార్మణిస్టు విని, నవ్వి, పై పలక ఊడదీసి, రీడులో ఇరుక్కున్న చెక్క పొట్టుని కోడి ఈకతో తీశాడట. అర నిమిషం పని. తాతగారు ఈ కథ ఎప్పుడు చెప్పినా కలకత్తా కంపెనీని తిట్టేవారు కాదు. "నాలుగేళ్ళు మాకు చేతకాదనుకున్నాం రా" అనేవారు.

తెలియక కొంటే ఇంతేగా, దూరం నించి కొనడమే తప్పు అనేస్తే పోలేదా అంటారేమో. ఆగండి. గిటారు చరిత్రలోనే దీనికి ఎదురు కథ ఉంది.

అమెరికాలో సియర్స్ అనే కంపెనీ పోస్టు కేటలాగుతో బతికింది. 1894 నించి అందులో గిటార్లు కూడా అమ్మింది. 1916లో ఏకంగా హార్మనీ అనే గిటార్ల ఫ్యాక్టరీనే కొనేసింది. దక్షిణాది పల్లెల్లో నల్లవాళ్ళకి ఊళ్ళో కొట్టు అంటే ఏమిటో లూయిస్ హైమన్ అనే చరిత్రకారుడు వివరిస్తాడు. తెల్లవాళ్ళందరూ కొనుక్కునేదాకా నిలబడాలి, షావుకారు చూపించిందే పుచ్చుకోవాలి, అప్పు కూడా అతని దగ్గరే. కేటలాగుకి మాత్రం కొనేవాడి రంగు తెలీదు. తెల్లవాడికీ నల్లవాడికీ అదే ధర, అదే సరుకు. అందుకే కొందరు షావుకార్లు ఆ కేటలాగుల్ని పోగేసి తగలబెట్టించారట! మిసిసిపీ పత్తి చేలల్లో పెరిగిన మడ్డీ వాటర్స్ పదిహేడేళ్ళప్పుడు ఇంట్లో మిగిలిన ఆఖరి గుర్రాన్ని అమ్మి, వచ్చిన డబ్బులో సగం ఇంట్లో ఇచ్చి, రెండున్నర డాలర్లు పెట్టి ఒక పాత స్టెల్లా గిటారు కొన్నాడు. అక్కడివాళ్ళు ఆ గిటార్లని షికాగోలోని సియర్స్ నించే తెప్పించుకునేవాళ్ళని ఆయనే చెప్పాడు. పోస్టు గిటార్లు లేకపోతే బ్లూస్ సంగీతం అంత తొందరగా అన్ని పల్లెలకి పాకేది కాదేమో. సియర్స్ తన పెద్ద కేటలాగుని 1993లో ఆపేసింది, ఆ మరుసటేడే అమెజాన్ పుట్టింది. దాని సంగతి మీకు చెప్పక్కర్లేదు.

కాబట్టి 'లోకల్ కొట్టే గొప్ప' అని నేననను. చెప్పులేసుకుని వచ్చిన పల్లెటూరి కుర్రాణ్ణి చూసి, "కొంటావా? కొనేట్టయితేనే ముట్టుకో" అనే కొట్లు నేనూ చూశాను. ఆన్‌లైన్ ఆ మాట అనదు. కొండ అవతలున్నా, ఇవతలున్నా ఒకటే ధర.

మరి మన పక్క వాయిద్యాలు ఎలా కొనేవాళ్ళు? వైజాగుకి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో బొబ్బిలి ఉంది. ఆ పక్కనే గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. కుండ, దండి అంతా ఒకే పనస మానులోంచి తొలిచే ఏకాండి వీణ అక్కడి ప్రత్యేకత. 2011లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వీణకి ఇరవై నాలుగు మెట్లుంటాయి, మైనంలో బొగ్గుపొడి కలిపిన ముద్ద మీద వాటిని కూర్చుతారు. దాన్ని మేళం కట్టడం అంటారు. ఎండకీ వాడకానికీ మైనం కదులుతుంది, మెట్లు తప్పుతాయి, కొన్నాళ్ళకి మళ్ళీ మేళం కట్టాల్సిందే. అంటే వీణ కొన్నవాడికి వీణ ఒక్కటే సరిపోదు, మేళం కట్టే మనిషి కూడా కావాలి.

వయొలిన్ సంగతీ అంతే. అది మనది కాదు, దొరల వెంట వచ్చింది. మద్రాసు కోటలోని బ్యాండు వాళ్ళ వయొలిన్ విని బాలుస్వామి దీక్షితులు నేర్చుకున్నారు, దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. విశాఖపట్నంలో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు చూపు తక్కువై బడి మానేస్తే, ఇంట్లో అన్నగారే వయొలిన్ నేర్పారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో చేరదామని వెళితే, ఆదిభట్ల నారాయణదాసు గారు విని, విద్యార్థిగా కాదు, ఏకంగా అధ్యాపకుడిగా తీసుకున్నారని చెప్తారు. ఆ వయొలిన్ ఏ కొట్లో కొన్నారో ఎవరూ చెప్పుకోరు. పక్కన ఎవరున్నారో మాత్రం అందరూ చెప్పుకుంటారు.

ఇప్పుడు గిటారు దగ్గరకొద్దాం. స్టీలు తీగల గిటారుకి ఆరు తీగలూ బిగిస్తే మొత్తం లాగుడు సుమారు 70 కిలోలు. పల్చటి చెక్క మీద ఒక మనిషి బరువు రాత్రింబవళ్ళు వేలాడుతున్నట్టు. మెడ వంగకుండా లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, దాన్ని మర తిప్పి సరిచెయ్యచ్చు. గిబ్సన్ కంపెనీలో థాడియస్ మెక్‌హ్యూ 1920ల మొదట్లో దానికి పేటెంటు తీసుకున్నాడు. అయినా చెక్క చెక్కే. తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. ఎక్కడో గోడౌన్‌లో ఎండి, లారీలో కుదిపి, యారాడ ఉప్పుగాలిలో దిగిన గిటారు, ఫ్యాక్టరీలో ఉన్నట్టే ఉంటుందనుకోవడం అత్యాశ. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే చాలు. ఇంకో రెండు పెరిగితే వేళ్ళు కోసుకుపోతాయి. ఫొటోలో ఆ రెండు మిల్లీమీటర్లు కనపడవు. నలుగురు అయిదు చుక్కలిచ్చారనుకోండి, వాళ్ళలో ముగ్గురు ఇంకా వాయించడం మొదలుపెట్టనివాళ్ళే అయ్యుంటారు.

ఇదంతా ఎలా తెలుసంటే, నేనూ 2014లో హైదరాబాదులో ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. మూడు నెలలు ఎఫ్ కార్డ్ దగ్గర కుస్తీ పట్టాను. వేళ్ళు బొబ్బలెక్కాయి కానీ శబ్దం రాలేదు. 'ముప్పై దాటాక ఏం వస్తుందిలే, మనకి సంగీతం రాసిపెట్టి లేదు' అని గోడకి తగిలించేశాను. 2019లో ఇంటికొచ్చిన ఆఫీసు ఫ్రెండు దాన్ని దించి, మెడ వెంబడి ఒక కన్ను మూసి చూసి, "ఇన్నాళ్ళూ దీని మీదే నేర్చుకున్నావా!" అన్నాడు. కడ్డీ పావు తిప్పు తిప్పి, కింద తీగలు ఆనే తెల్ల ముక్కని గరుకు కాయితం మీద అరగదీశాడు. అరగంట పట్టింది. ఎఫ్ కార్డ్ పలికింది! సంతోషించాలో ఏడవాలో తెలీలేదు. అయిదేళ్ళు నా చేతినే అనుమానించాను మరి. తాతగారి నాలుగేళ్ళకి ఇంకో ఏడాది కలిపానన్నమాట.

నాకు అర్థమైందిదీ. కొత్తగా నేర్చుకునేవాడికి లోపం వాయిద్యంలో ఉందో, తన వేళ్ళలో ఉందో తెలీదు. తెలీనప్పుడు వేళ్ళనే అనుమానిస్తాడు. ఫోనో బూట్లో బాగాలేకపోతే తిప్పి పంపుతాం. గిటారు బాగాలేకపోతే గిటారు మానేస్తాం. రిటర్న్ గడువు ఏడు రోజులో, పది రోజులో ఉంటుంది, లోపం గిటారుదని తెలియడానికి నాకు అయిదేళ్ళు పట్టింది. అందుకని ఎక్కడ కొనాలన్నది రెండో ప్రశ్న. ఆ గిటారుని నీకంటే ముందు వాయించి చూసే మనిషి ఎవరు అన్నది మొదటి ప్రశ్న. మా ఊరి హార్మణీకి కావలసింది మంచి కంపెనీ కాదు, కోడి ఈక ఉన్న ఒక్క మనిషి.

సాయంత్రం వాడికి ఇదే చెప్పాను, కాస్త కుదించి. "ఆన్‌లైన్‌లో ధర చూసుకుని కొట్టుకెళ్ళు. వాయించడం వచ్చినవాణ్ణి వెంట తీసుకెళ్ళు. వాడు వాయించి బావుందంటేనే డబ్బు తియ్యి. తీగలు ఎత్తుగా ఉంటే అక్కడే దింపించు. దింపం అన్నారనుకో, ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లోనే కొను, మిగిలిన డబ్బుతో వచ్చిన రోజే రిపేరు చేసేవాడి దగ్గరకి తీసుకెళ్ళు. అయిదు వందలు దానికని ముందే పక్కన పెట్టు."

వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "గాజువాక చర్చిలో వాయిస్తాడు ఒక అన్నయ్య. ఆదివారం మధ్యాన్నం ఖాళీయే. అడగనా?" అన్నాడు.

"అడుగు. టీ, బిర్యానీ ఖర్చు కూడా లెక్కలో వేసుకో" అన్నాను.

వచ్చే ఆదివారం వెళ్తున్నారట. ఈలోపు మీలో ఎవరైనా గోడకి తగిలించిన గిటారు ఉంటే, ఒకసారి దించి తెలిసినవాళ్ళకి చూపించండి. తప్పు మీది కాకపోవచ్చు.