నిన్న ఏం నేర్చుకున్నావ్ ఇంజనీరూ? ఒక ఫారం వెనకున్న చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో రాజుల్లేరు, యుద్ధాల్లేవు. ఒక ఫారం ఉంది. అంతే.

మాది శాంతిపురం అని మీకు తెలుసు కదా. పొద్దున్నే కుప్పంలో రైలెక్కి బెంగళూరుకి బేల్దారి పనికి పోయేవాళ్లు మా పక్క చాలామంది. మా చిన్నాయన కొడుకు, నాకంటే పెద్దోడు, అదే రైలెక్కుతాడు. వాళ్ల చేతిలో రసమట్టం ఉంటే ఈయన చేతిలో డ్రాయింగ్ ఉంటుంది. సివిల్ బీటెక్, 2016 బ్యాచ్. సైట్ అనుభవం ఎనిమిదేళ్లు దాటింది.

ఈమధ్య ఆస్ట్రేలియాకి ప్రయత్నం మొదలుపెట్టాడు. అక్కడ ఇంజనీర్ల చదువునీ అనుభవాన్నీ లెక్కగట్టే సంస్థ పేరు ఇంజనీర్స్ ఆస్ట్రేలియా. వాళ్లు అడిగే కాగితాల్లో ఒకటి సీపీడీ, అంటే కంటిన్యూయింగ్ ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్. పట్టా చేతికొచ్చాక ఏం నేర్చుకున్నావ్, ఏ తేదీన, ఎన్ని గంటలు, ఎవరి దగ్గర? రాయాలి. అన్న రాత్రి పదకొండుకి ఫోన్ చేశాడు. "ఒరేయ్, పని చేస్తా చేస్తా నేర్చుకున్నాను. దాన్ని గంటల్లో ఎట్లా రాసేదిరా?"

నా దగ్గర జవాబు లేదు. అందుకే చదవడం మొదలుపెట్టా.

కథ 1907లో మొదలవుతుంది, అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రంలో. మన సీమలాగే నీటికి కటకటలాడే చోటు. ఏటి నీళ్లు వాడుకోవాలంటే కాలువ మ్యాప్ గీసి ప్రభుత్వానికి అర్జీ పెట్టాలి. ఆ మ్యాపుల మీద ఇంజనీర్ అని సంతకం పెట్టిందెవరు? లాయర్లు, నోటరీలు, ఆఖరికి ఆ పొలం ఆసామే! కాలువ గురించి ఏమీ తెలియనోళ్లు. స్టేట్ ఇంజనీర్ క్లారెన్స్ జాన్‌స్టన్‌కి విసుగెత్తి చట్టం తెప్పించాడు. లైసెన్స్ లేకుండా ఇంజనీర్ అని సంతకం పెట్టకూడదు. అమెరికాలో ఇలాంటి చట్టం అదే మొదటిది. ఆ ఏడాది ఆగస్టు 8న చార్లెస్ బెల్లమీ అనే ఆయన మొదటి లైసెన్స్ తీసుకున్నాడు.

సరిగ్గా మూడు వారాలకి, ఆగస్టు 29న, పక్కదేశం కెనడాలో కట్టుబడిలో ఉన్న క్విబెక్ వంతెన కూలిపోయింది. ఆ సాయంత్రం వంతెన మీద 86 మంది ఉన్నారు. 75 మంది పోయారు. అందులో ముప్ఫైమందికి పైగా కానావాగె అనే ఒకే ఊరి మొహాక్ తెగ మనుషులు. ఒకే ఊరు, ముప్ఫై ఇళ్లు. పొద్దున మన కుప్పం రైలు ఎక్కినోళ్లలో సగం మంది సాయంత్రానికి తిరిగి రాలేదనుకోండి, ఆ లెక్క.

ఇక్కడ కొంచెం ఆగుదాం. ఈ వంతెనకి కన్సల్టింగ్ ఇంజనీర్ థియోడర్ కూపర్ దొంగ సంతకాల బాపతు కాదు. పేరున్న చదువు, దశాబ్దాల అనుభవం, దేశమంతా గౌరవం. మధ్య స్పాన్‌ని 1600 అడుగుల నుంచి 1800కి పెంచారు. పెరిగిన సొంత బరువుని మాత్రం సరిగ్గా తిరిగి లెక్కగట్టలేదు. పైన ఇనుము బిగుస్తున్నప్పుడు ఆయన సైటుకే రాలేదు, న్యూయార్క్‌లో ఉన్నాడు. కింద పట్టీలు వంగుతున్నాయని సైట్ నుంచి ఇంజనీర్ వెళ్లి చెప్పాడు. పని ఆపండి అని కూపర్ టెలిగ్రాం ఇచ్చాడు, కానీ అది వంతెన దగ్గరికి చేరలేదు.

వ్యోమింగ్ చట్టం తెలియనోళ్లని ఆపుతుంది. తెలిసినోడిని, ఆ తెలిసింది చాలనుకున్నోడిని, ఏది ఆపుతుంది? లైసెన్స్ ఒక్కటే చాలదు అనే ఆలోచన చట్టంలోకి రావడానికి ఇంకా డెబ్బై ఏళ్లు పట్టింది. 1979లో అయోవా రాష్ట్రం, లైసెన్స్ నిలవాలంటే చదువుతూనే ఉండాలి అంది.

మన దగ్గరికొద్దాం. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ (ఇండియా) 1920లో మద్రాసులో నమోదైంది, 1935లో రాయల్ చార్టర్ వచ్చింది. డిప్లొమా చేసి ఉద్యోగంలో చేరినోళ్లు రాత్రుళ్లు చదువుకుని రాసే ఏఎంఐఈ పరీక్ష వీళ్లదే. మీ ఇళ్లల్లో రిటైరైన ఏఈ, డీఈలు ఉంటే అడగండి, ఆ కష్టం చెప్తారు. ఆ సంస్థే 1981లో హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా పెట్టింది. పట్టా ఉన్నోళ్లకే మళ్లీ క్లాసులు! 1998లో, మా కుప్పం ఎమ్మెల్యే ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, హైదరాబాద్‌లోనే నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ వచ్చింది. అక్కడ తాపీ పనోళ్లకీ ట్రైనింగ్ ఉంది. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. సిమెంటు కలిపేవాడి నైపుణ్యాన్నీ నైపుణ్యంగానే లెక్కేశారు.

అయితే ఒక తేడా చూడండి. లాయర్లకి 1961 చట్టం ఉంది, ఆర్కిటెక్ట్‌లకి 1972 చట్టం ఉంది. దేశమంతటికీ వర్తించేలా ఇంజనీర్లని రిజిస్టర్ చేసే చట్టం మాత్రం మన తరం పట్టా తీసుకునేనాటికీ లేదు. ప్లాన్ మీద సంతకానికి మున్సిపాలిటీ లైసెన్స్ ఇస్తుంది, అంతే. అందుకే మా అన్నని ఇన్నేళ్లలో "నిన్న ఏం నేర్చుకున్నావ్" అని అడిగినోడే లేడు.

మరి వాషింగ్టన్ అకార్డ్ సంగతేంటి అంటారు. 1989లో ఆరు దేశాలు మొదలుపెట్టిన ఒప్పందం అది, ఒకరి ఇంజనీరింగ్ డిగ్రీని ఇంకొకరు ఒప్పుకోవడానికి. 2014 జూన్ 13న ఇండియా పూర్తి సభ్యురాలైంది. పేపర్లలో పెద్దగా వచ్చింది. చిన్న అక్షరాల్లో ఉన్నది మాకెవరూ చెప్పలేదు: ఎన్‌బీఏ టియర్-1 గుర్తింపున్న కోర్సులకే అది వర్తిస్తుంది. యూనివర్సిటీకి అనుబంధంగా ఉండే మామూలు కాలేజీలు టియర్-2 కిందికొస్తాయి. మా అన్న చదివింది అట్లాంటి దాంట్లోనే. అందుకే ఈయన మూడు ప్రాజెక్టుల కథలు, ఒక సారాంశం, ఈ సీపీడీ లిస్టు, అన్నీ సొంతంగా రాసి నిరూపించుకోవాలి. డబ్బులిస్తే రాసిపెడతాం అనేవాళ్లు నెట్‌లో బోలెడు. కాపీ అని తేలితే అప్లికేషన్ పోతుంది, మళ్లీ పెట్టకుండా నిషేధమూ పడుతుంది.

డిగ్రీ దాటాక ఇంకో మెట్టుంది. ఇంటర్నేషనల్ ఇంజనీరింగ్ అలయన్స్ వాళ్లు 2021లో సవరించిన పత్రంలో స్వతంత్రంగా పనిచేసే ఇంజనీర్‌కి ఉండాల్సిన సామర్థ్యాలు 13 రాశారు. జీవితాంతం నేర్చుకోవడం అందులో ఒకటి. ఆస్ట్రేలియాలో చార్టర్డ్ హోదా నిలుపుకోవాలంటే మూడేళ్లకి 150 గంటలు చూపించాలి.

నాకు మొదట ఇదంతా కాగితాల గోల అనిపించింది. నిజం చెప్తున్నా, సగం ఇప్పటికీ అనిపిస్తుంది. కుర్చీలో నిద్రపోయినా గంట గంటే కదా. కానీ ఒక్కటి చూశాక నోరు మూతపడింది. అన్న క్లాసులో చదివింది భూకంపాల కోడ్ ఐఎస్ 1893, 2002 నాటిది. పట్టా తీసుకున్న 2016లోనే అది మారిపోయింది. "కొత్తది చదివావా అన్నా?" అని అడిగా. కాసేపు మాట్లాడలేదు. "ఆఫీసులో డిజైన్ వాళ్లు చూసుకుంటారులేరా" అన్నాడు. తర్వాత ఆయనే, "కడ్డీ కట్టించేది నేనే కదా" అన్నాడు.

పోయిన ఆదివారం ఇద్దరం కూర్చుని లిస్టు రాశాం. లాక్‌డౌన్‌లో చూసిన ఎన్‌పీటీఈఎల్ కాంక్రీట్ కోర్సు, సేఫ్టీ ట్రైనింగ్ రెండు రోజులు, ఒక సిమెంట్ కంపెనీ సైట్‌లో పెట్టిన డెమో. భోజనం పెట్టారని గుర్తుంది గానీ తేదీ గుర్తులేదు, కొట్టేశాం. ఎనిమిదేళ్లకి పేజీలో సగం కూడా నిండలేదు. మిగతా సగం ఖాళీగా వదిలి, కొత్త 1893 పీడీఎఫ్ ఫోన్‌లో వేసుకుని సోమవారం రైలెక్కాడు.