‘ధనికుల రోగం’ అన్న మాట: నారాయణఖేడ్ నేపథ్యంలో మధుమేహ అవగాహన చరిత్ర

మధుమేహం ధనికుల రోగమనీ, ఒళ్లు వంచని స్థూలకాయులకే వస్తుందనీ జనసామాన్యంలో బలమైన నమ్మకం ఉంది. ప్రాచీన వైద్యం ఈ నమ్మకాన్ని పూర్తిగా సమర్థించదు. సుశ్రుతసంహిత ప్రమేహాన్ని సహజం, అపథ్యజనితం అని రెండు విధాలుగా విభజించింది. మొదటి రకం రోగి కృశించి ఉంటాడనీ, రెండవ రకం రోగి స్థూలకాయుడనీ పేర్కొన్నది. ధనహీనుడైన రోగి చెప్పులూ గొడుగూ లేకుండా నూరు యోజనాలు నడవాలనీ, ధనవంతుడు శ్యామాకం వంటి ధాన్యాలతో జీవించాలనీ విధించింది. పేద రోగి ఆ గ్రంథకర్తకు తెలిసినవాడేనన్నమాట.

నారాయణఖేడ్ 1956 వరకు బీదరు జిల్లాలోని తాలూకా. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో అది మెదక్ జిల్లాలో చేరింది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉంది. వానపై ఆధారపడిన ఈ మెట్టప్రాంతానికి జొన్నరొట్టె ప్రధానాహారం. 1983లో రాష్ట్ర ప్రభుత్వం ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదల ఆకలి తీర్చింది; అదే సమయంలో జొన్నను పళ్లెంలో వెనుకకు నెట్టింది. పొరుగున జహీరాబాదు సమీపంలోని పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైనదీ 1983లోనే. ఆ సంస్థ మహిళా సంఘాలు చిరుధాన్యాలను తిరిగి పొలాల్లోకి తెచ్చాయి.

అయితే నెపమంతా బియ్యం మీద వేయడం చరిత్రను కురచ చేయడమే. గర్భంలోనూ పసితనంలోనూ అనుభవించిన ఆకలి సైతం తరువాతి కాలపు ముప్పుతో ముడిపడి ఉంది. 1987-90 మధ్య హైదరాబాదు సమీపంలోని కొన్ని గ్రామాల్లో గర్భిణులకూ పిల్లలకూ అదనపు పోషకాహారం అందించారు. ఆ పిల్లలను 13-18 ఏళ్ల వయసులో పరీక్షించగా, ఆహారం అందని గ్రామాల పిల్లలతో పోలిస్తే వారిలో ఇన్సులిన్ నిరోధకత తక్కువగా కనిపించింది. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. లేమి కూడా ఈ రోగానికి దారి వేయగలదనడానికి ఇంతకన్న దగ్గరి సాక్ష్యం తెలంగాణలో దొరకడం కష్టం.

నగరాల సర్వేలు మాత్రం పాత నమ్మకాన్నే బలపరిచాయి. 2001లో వెలువడిన జాతీయ పట్టణ మధుమేహ సర్వేలో ఆరు నగరాలలో హైదరాబాదుదే మొదటి స్థానం, 16.6 శాతం. 2023 నాటి ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో మధుమేహం పట్టణాల్లో 16.4 శాతం, గ్రామాల్లో 8.9 శాతం అని తేల్చింది. ఎక్కువమంది దృష్టి ఇక్కడే ఆగింది. అదే అధ్యయనంలో మధుమేహపు ముందుదశ పట్టణాల్లో 15.4, గ్రామాల్లో 15.2 శాతం. ఈ రెండు అంకెల మధ్య అంతరం లేదనే చెప్పాలి.

ముప్పై ఏళ్లు దాటినవారి వద్దకు ఆశా కార్యకర్త తెచ్చే పత్రం వయసు, నడుము కొలత, పొగాకు, మద్యం, శారీరక శ్రమ, కుటుంబ చరిత్రలను అడుగుతుంది. పుట్టినప్పటి బరువును అడగదు. నారాయణఖేడ్ తాండాల నుండి ఏటా చెరకు నరకడానికి వలసపోయే కూలీకి నడుము సన్నం, శ్రమ అధికం. పత్రం లెక్కలో అతడికి ముప్పు తక్కువ. ప్రపంచ మధుమేహ దినం నవంబరు 14న వస్తుంది. చక్కెర మిల్లుల్లో గానుగ మొదలయ్యే కాలమూ అదే. అవగాహన ర్యాలీ పట్టణ వీధుల్లో సాగే నాటికి తాండాల్లో అనేక ఇళ్లకు తాళాలు పడి ఉంటాయి.