వినొచ్చుట, పాడకూడదుట

గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బెర్గ్ అనే ఆయన 1902లో కలకత్తా వచ్చాడు. ఒక హోటలు గదిలో యంత్రం బిగించి మన పాటలు రికార్డు చేసుకున్నాడు. అప్పుడు పాడినవాళ్ళలో బాగా పేరున్నావిడ గౌహర్ జాన్. రికార్డింగుకి మైకు వాడడం 1925 తరవాత మాట. అంతవరకూ పెద్ద బాకాలాంటి గొట్టంలోకి మొహం పెట్టి గొంతెత్తి పాడాల్సిందే. ప్లేటు ఒక వైపుకి పట్టేది సుమారు మూడు నిమిషాలు. పాట చివర ఆవిడ ఇంగ్లీషులో తన పేరు చెబుతుంది. గొప్పకి కాదు లెండి. ఆ అచ్చులు జర్మనీలో హానోవర్‌కి వెళ్ళి ప్లేట్లయి తిరిగి రావాలి. అక్కడివాళ్ళకి ఏ పాట ఎవరిదో తెలియాలి కదా!

ఈ మధ్య మా ఇంట్లో మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఇలాంటి పాత రికార్డు ఒకటి వింటున్నాం. మా అత్తగారు, చిన్నత్తయ్య, ఎదురింటి పిన్నిగారు, నేను. ఫోనుని స్టీలు గిన్నెలో నిలబెడితే నలుగురికీ వినిపిస్తుంది. మాలో ఎవరం సంగీతం పరీక్షలు పాసైన వాళ్ళం కాదు. నాది బి.ఏ. తెలుగు. అయినా పాట అయ్యాక ఎవరికి తోచింది వాళ్ళు చెప్పి తీరాలి. "బాగుంది" అని ఊరుకుంటే పిన్నిగారు ఒప్పుకోరు. ఏం బాగుందో చెప్పమంటారు.

గౌహర్ జాన్ పాట విని చిన్నత్తయ్య, "ఈవిణ్ణి ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టుందే" అంది. నాకు ఆ మాట నచ్చింది. నిజంగా తరుముతున్నది ప్లేటే. గంటసేపు పాడే రాగాన్ని మూడు నిమిషాల్లో కుదించాలి. ఆలాపన గుక్కెడు, పాట నాలుగు ముక్కలు, అంతే. కృతులదీ అదే గతి. పల్లవి, అనుపల్లవి, ఉంటే ఒక చరణం. మిగతావి ప్లేటు బయటే ఉండిపోయేవి.

అప్పుడు మా అత్తగారు వాళ్ళమ్మగారి సంగతి చెప్పారు. కోనసీమలో వాళ్ళింట్లో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను పెట్టె ఉండేదిట. పెద్దాయన ప్లేట్లు తెప్పించి, సాయంత్రం అరుగు మీద పెట్టించి, స్నేహితులతో కూర్చుని వినేవారు. ఆడవాళ్ళు తలుపు వెనక. వినడానికి అభ్యంతరం లేదు. ఇంటి కోడలు కూనిరాగం తీస్తే మాత్రం "ఇది సంసారుల ఇల్లు" అని కేక వినిపించేది. వినొచ్చుట, పాడకూడదుట. ఆ కోడలే అత్తగారి అమ్మ. మగవాళ్ళు పొలానికి వెళ్ళినప్పుడు ముల్లు అరగకుండా జాగ్రత్తగా పెట్టుకుని, ఆ ప్లేట్ల దగ్గరే పాటలు నేర్చుకుంది. వేరే గురువు లేడు.

అరుగు మీది పెద్దలు తలలూపిన ఆ గొంతులెవరివి? తొలినాళ్ళ ప్లేట్లలో ఆడగొంతులు చాలావరకు కళావంతులవి, దేవదాసీలవి, ఉత్తరాదిన తవాయిఫ్‌లవి. "సంసారుల" ఆడపిల్లలు పాడి రికార్డివ్వడం అప్పట్లో ఊహకందని పని. అంటే గుమ్మంలోంచి రానివ్వని మనిషి గొంతుని పెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నారన్నమాట. ఇది నాకు ఎంత ఆలోచించినా మింగుడుపడదు.

బెంగుళూరు నాగరత్నమ్మ రికార్డులిచ్చింది. తెలుగు చదువుకున్నవాళ్ళకి ఈవిడ ఇంకో రకంగా తెలుసు. తంజావూరు ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని వెతికి, 1910లో అచ్చు వేయించింది. ఆడది అలాంటి శృంగారం రాయడమేమిటని గొడవ లేచింది. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం వచ్చాక 1947లో గానీ ఆ నిషేధం పోలేదు. ఈలోగా నాగరత్నమ్మ తిరువయ్యారులో పాడుబడిన త్యాగరాజస్వామి సమాధి చోట గుడి కట్టించింది. అక్కడి ఆరాధనలో మొదట్లో ఆడవాళ్ళని పాడనివ్వలేదు. ఆవిడ ఊరుకోకుండా ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వేరేగా ఆరాధన జరిపింది. సొత్తంతా ఆ సమాధికే రాసిచ్చి 1952లో పోయింది.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారూ దేవదాసీ కుటుంబంలోనే పుట్టారు. 1926లో, పదేళ్ళ వయసులో, వాళ్ళమ్మ షణ్ముఖవడివు వీణ వాయిస్తుండగా తొలి రికార్డు ఇచ్చారు. 1963లో ఆవిడ సుప్రభాతం లాంగ్ ప్లే వచ్చింది. అత్తగారు చెప్పడం, కేకలు వేసిన ఆ పెద్దాయన తరవాతి కాలంలో సుప్రభాతం వినందే కాఫీ ముట్టేవారు కాదుట. దీనికి పిన్నిగారు నవ్వారు గానీ అత్తగారు నవ్వలేదు.

లాంగ్ ప్లేలు వచ్చాక ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైన పట్టింది. పాటలకి ఊపిరి వచ్చింది. విజయవాడ రేడియో 1948 డిసెంబరులో మొదలైంది గనక ఇంట్లో సంగీతానికి కరువు లేదు. అయితే అత్తగారి అమ్మ మటుకు చివరిదాకా ప్లేటు పాటలే పాడింది, వంటింట్లో, మెల్లగా.

మొన్న గౌహర్ జాన్ పేరు చెప్పడం రెండోసారి విని, అత్తగారు "మా అమ్మ గొంతు ఎక్కడా లేదు" అన్నారు. చిన్నత్తయ్య వెంటనే, "నీ గొంతులో ఉందిగా అక్కా, పాడు" అంది. గిన్నెలోంచి ఫోను తీసి రికార్డింగు నొక్కాను. అత్తగారు డెబ్బై దాటిన గొంతుతో ఒక త్యాగరాజ కృతి ఎత్తుకున్నారు. పరుగు పరుగున పాడి, ఒక చరణం అవగానే టక్కున ఆపేశారు.

"ఇంకో రెండు చరణాలున్నాయి కదండీ, మింగేశారేం?" అన్నారు పిన్నిగారు.

"నాకు తెలుసు. ఎమ్మెస్ పాడగా విన్నాను. మా అమ్మ పాటలో లేవు" అన్నారు అత్తగారు.

పిన్నిగారు ఒప్పుకోలేదు. కృతి కృతే, సగంలో ఆపడం తప్పంటారు. నేను అత్తగారి పక్షం. ఈ వాదన తెగకుండానే కాఫీల వేళయింది. రేపు విజయనగరం ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ పెట్టాలని పిన్నిగారి హుకుం.