పేలలేదు కాబట్టి బాగానే ఉన్నట్టేనా?

ముందే ఒక మాట చెప్పేస్తాను. తుపాకులు ఉండాలా వద్దా అన్న గొడవ ఈ టపాలో లేదు. ఆ గొడవకి వేరే చోట్లున్నాయి. ఇది ఒక అంకె గురించి. ఆ అంకెను కనిపెట్టడానికి మనుషులు పడ్డ పాట్ల గురించి.

కొన్నేళ్ళ క్రితం ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు మా టీమ్‌లో ఒక అమెరికన్ పెద్దాయన ఉండేవాడు. ఒక శనివారం ఇంటికి భోజనానికి పిలిచి, తిన్నాక గరాజ్ చూపించాడు. బల్లకు బిగించిన చిన్న ప్రెస్సు, పక్కన త్రాసు, అరల్లో మందు డబ్బాలు. కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులు పారెయ్యకుండా, వాటికి కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, కొత్త గుండు బిగించి మళ్ళీ తూటా చేసుకుంటారు. దీన్నే హ్యాండ్‌లోడింగ్ అంటారు. అక్కడ చాలామందికి ఇదొక హాబీ. (మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చెయ్యడం నేరం. ఉత్సాహవంతులు గమనించగలరు.)

ఆయన దగ్గర చనిపోయిన తండ్రి నోట్‌బుక్కు ఒకటుంది. 1960ల నాటిది. .270 వించెస్టర్ అనే రైఫిల్ తూటాకి ఎంత మందు పొయ్యాలో తండ్రి చేత్తో రాసుకున్నాడు. ఆ లెక్కతో ఆయన నింపిన రెండు పెట్టెల తూటాలు కూడా అలాగే ఉన్నాయి. చిక్కేమిటంటే, తండ్రి రాసుకున్న కొలత ఇప్పటి మాన్యువల్‌లోని గరిష్ఠ కొలత కంటే ఎక్కువ.

"మా నాన్న ముప్పయ్యేళ్ళు ఇదే కాల్చాడు, ఏమీ కాలేదు. కొత్త పుస్తకాలన్నీ లాయర్లకి భయపడి తగ్గించి రాసినవని మావాళ్ళంటారు. నువ్వేమంటావ్?" అన్నాడు.

నాకేం తెలుసు? పుస్తకాలు తిరగేశాను. ఒకదాంట్లో ఆ తూటాకి గరిష్ఠ ప్రెషర్ 52,000 సీయూపీ అనుంది. ఇంకోదాంట్లో 65,000 పీఎస్ఐ. "ఇదేంటి, లిమిట్ పెంచారు కదా, మరి మందెందుకు తగ్గించారు? పోనీ ఒకదాన్నుంచి ఇంకోదానికి కన్వర్ట్ చేస్తే సరిపోతుందిగా" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా. ఆయన నవ్వి, "ఆ ఫార్ములా నీకు దొరికితే నాకూ చెప్పు" అన్నాడు.

అలా మొదలైంది నా తవ్వకం.

65,000 పీఎస్ఐ అంటే ఎంతో ముందు చూద్దాం. మన కారు టైర్లో ఉండేది 32 పీఎస్ఐ చుట్టుపక్కల. అంటే దానికి రెండువేల రెట్లు. అది మిల్లీసెకను లోపే పుట్టి పోతుంది. అదీ కాల్చేవాడి చెంపకి జానెడు దూరంలో. ప్రెషర్ కుక్కర్‌కున్నట్టు దీనికి సేఫ్టీ వాల్వు లేదు. ఇత్తడి తొడుగు, దాని చుట్టూ ఉక్కు, అంతే.

దీన్ని కొలవడం రాని రోజుల్లో ఏం చేసేవారు? ఎక్కువ మందు కూరి ఒకసారి పేల్చి చూసేవారు. తుపాకీ పగలకపోతే ముద్ర వేసేవారు. లండన్ గన్‌మేకర్స్ కంపెనీకి 1637లో చార్టర్ వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి ప్రూఫ్ హౌస్ ఉంది. ఈ పరీక్ష చెడ్డదేం కాదు, ఇప్పటికీ చేస్తారు. కానీ ఇది చెప్పేది ఒక్కటే: "ఈసారికి పగల్లేదు". ఎంత ఒత్తిడి పుట్టింది, పగలడానికి ఇంకెంత దూరంలో ఉన్నాం అన్నది చెప్పదు.

ఆ తేడా ఎంత ఖరీదైందో 1844 ఫిబ్రవరి 28న తెలిసింది. పొటోమాక్ నది మీద ప్రిన్స్‌టన్ అనే అమెరికన్ యుద్ధనౌకలో పెద్దమనుషులందరికీ 'పీస్‌మేకర్' అనే కొత్త ఫిరంగిని పేల్చి చూపిస్తున్నారు. ఆ రోజు అంతకుముందు పేల్చినప్పుడు బాగానే పేలింది. చప్పట్లు కూడా కొట్టారు. మళ్ళీ పేల్చమన్నారు. ఈసారి ఫిరంగే బద్దలైంది. విదేశాంగ మంత్రి అప్షర్, నౌకాదళ మంత్రి గిల్మర్‌తో సహా ఆరుగురు చనిపోయారు. అధ్యక్షుడు టైలర్ కింది డెక్‌లో ఉండిపోయాడు కాబట్టి బతికాడు.

ఆ తర్వాత థామస్ రాడ్‌మన్ అనే అమెరికన్ సైనికాధికారి ఈ సమస్య పట్టుకుని కూర్చున్నాడు. ఫిరంగి గోడకి రంధ్రం పెట్టి, అందులో ఒక పిస్టన్, దాని చివర కత్తి లాంటి మొన, ఆ మొనకి ఎదురుగా రాగి ముక్క. పేల్చినప్పుడు మొన రాగిలో ఎంత లోతు గాటు పెట్టిందో చూసి ఒత్తిడి లెక్కగట్టాడు. 1860ల్లో ఇంగ్లండులో ఆండ్రూ నోబుల్ ఇంకో దారి పట్టాడు. చిన్న రాగి స్తంభాన్ని పెట్టి అది ఎంత నలిగిందో కొలిచాడు. దీన్ని క్రషర్ గేజ్ అన్నారు. మన కథలో 'సీయూపీ' ఇదే: కాపర్ యూనిట్స్ ఆఫ్ ప్రెషర్. వందేళ్ళ పైచిలుకు ప్రపంచమంతా ఈ రాగి ముక్క మీదే ఆధారపడింది.

ఇంతలో మందే మారిపోయింది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే పొగ రాని మందు కనిపెట్టాడు. 1886లో లెబెల్ రైఫిల్‌తో అది సైన్యంలోకి వచ్చింది. గుండు వేగం ఒక్కసారిగా పెరిగింది. ఈ వియే ఇంకో ముఖ్యమైన సంగతి కూడా చెప్పాడు: ఈ మందు కాలే వేగం దాని చుట్టూ ఉన్న ఒత్తిడిని బట్టి పెరుగుతుంది. దీపావళికి చిచ్చుబుడ్డి పగిలిపోయి, లోపలి మందు కాగితం మీద పోసి అంటించారా ఎప్పుడైనా? బుస్సుమని ఊరుకుంటుంది. గట్టిగా చుట్టిన టపాకాయలో మందు అలా ఊరుకోదు. తుపాకీ మందూ అంతే. మూసి ఉంచితే, ఒత్తిడి పెరిగిన కొద్దీ వేగంగా కాలుతుంది, వేగంగా కాలిన కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. మన భాషలో పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ లూప్ అన్నమాట.

దీని పర్యవసానం చాలామంది తలకెక్కించుకోరు. గరిష్ఠానికి దగ్గర్లో ఉన్నప్పుడు మందు కొంచెం పెంచితే ప్రెషర్ కొంచెమే పెరగదు, అంతకంటే ఎక్కువ నిష్పత్తిలో పెరుగుతుంది. వేగం మాత్రం ఆ మేరకు పెరగదు. అంటే ఆఖరి మెట్టు మీద మనకి దక్కేది తక్కువ, చెల్లించేది ఎక్కువ.

అయినా వేగం మీద మోజు ఆగలేదు. బఫెలోకి చెందిన ఛార్లెస్ న్యూటన్ అనే లాయరు డిజైన్ చేసిన .250-3000 తూటాని శావేజ్ కంపెనీ 1915లో అమ్మకానికి పెట్టింది. ఆ 3000 అంటే సెకనుకి 3,000 అడుగులు. న్యూటన్ 100 గ్రెయిన్ల గుండు పెడదామంటే, కంపెనీ 87 గ్రెయిన్ల తేలిక గుండు పెట్టి మరీ ఆ అంకె అందుకుంది. మార్కెటింగ్ వాళ్ళు అప్పుడూ ఉన్నారు! 1935లో వచ్చిన .220 స్విఫ్ట్ 4,000 దాటింది.

కొలవకుండా కంటితో అంచనా వేస్తే ఏమవుతుందో చెప్పే కథ ఇంకోటుంది. 1917లో అమెరికా సైన్యపు స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్ళు కొన్ని కాలుస్తుండగా పగిలాయి. తొడుగు మెత్తగా ఉన్న తూటాలదీ అందులో పాపం ఉంది. కానీ అసలు లోపం ఉక్కులో తేలింది. ఉక్కుని కాల్చేటప్పుడు అది ఎంత వేడెక్కిందో కార్మికులు రంగు చూసి చెప్పేవారు. అందరూ చెయ్యి తిరిగినవాళ్ళే. మబ్బుగా ఉన్న రోజు బాగానే ఉండేది. ఎండ బాగా కాసిన రోజు ఆ వెలుగులో ఎర్రటి ఉక్కు తక్కువ ఎర్రగా కనిపించేది. దాంతో ఇంకా కాల్చేవారు. అలా 300 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఎక్కువ వేడి పడి ఉక్కు పెళుసెక్కింది. ఆ కథ జూలియన్ హాచర్ తన 1947 పుస్తకంలో వివరంగా రాశాడు. వేడి కొలిచే పైరోమీటర్లు పెట్టి, 1918లో పద్ధతి మార్చేసరికి స్ప్రింగ్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలోనే ఎనిమిది లక్షల రైఫిళ్ళు తయారైపోయాయి. వాటిలో ఏది మంచిదో ఏది పెళుసుదో పైకి చూసి చెప్పలేరు. వాటిలో చాలా వరకు పగల్లేదు కూడా. ఈనాటికీ తెలిసినవాళ్ళు వాటిని గోడకి తగిలిస్తారు గానీ కాల్చరు.

తూటాలకి పరిమితులు నిర్ణయించే వ్యవస్థలు కూడా ఈ కాలంలోనే వచ్చాయి. యూరప్‌లో 1914లో సీఐపీ, అమెరికాలో 1926లో శామీ. సీఐపీ సభ్య దేశాల్లో పరీక్ష చట్టప్రకారం తప్పనిసరి. శామీది పరిశ్రమ స్వచ్ఛందంగా పాటించే ప్రమాణం.

మళ్ళీ మన రాగి ముక్క దగ్గరికి వద్దాం. రాగి నలగడానికి కొంత టైం పడుతుంది. అసలు ఒత్తిడి శిఖరం చూస్తే మిల్లీసెకనులో వచ్చి పోయేది. రాగి కదిలేలోపే అది దిగిపోతుంది. అంటే రాగి చెప్పేది నిజమైన శిఖరం కంటే తక్కువ. 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో పీజోఎలక్ట్రిక్ సెన్సర్లు వాడుకలోకి వచ్చాక ఇది కళ్ళకు కట్టింది. నొక్కితే కరెంటు పుట్టే స్ఫటికం కాబట్టి శిఖరాన్నే కాదు, మొత్తం గ్రాఫుని గీస్తుంది. ఎప్పుడు ఎక్కింది, ఎంత ఎక్కింది, ఎలా దిగింది, అన్నీ.

ఇప్పుడు ఈ శామీ అంకెలు చూడండి. .243 వించెస్టర్, .308 వించెస్టర్, .270 వించెస్టర్, మూడింటికీ పాత లిమిట్ ఒకటే, 52,000 సీయూపీ. కొత్త లిమిట్లు మాత్రం వరసగా 60,000, 62,000, 65,000 పీఎస్ఐ. రాగికి మూడూ ఒకటిగానే కనిపించాయి, స్ఫటికానికి కనిపించలేదు. ఏ ఫార్ములా పెట్టినా ఒకే ఇన్‌పుట్‌కి మూడు అవుట్‌పుట్‌లు రావు కదా. మా పెద్దాయన నవ్వింది అందుకే. సెన్సర్ ఎక్కడ పెట్టారన్నది కూడా లెక్కే. .30-06 తూటాకి శామీ 60,000 పీఎస్ఐ అంటే సీఐపీ 4,050 బార్, అంటే సుమారు 58,700 పీఎస్ఐ అంటుంది. ఒకరు తొడుగుకి రంధ్రం చేసి కొలుస్తారు, ఇంకొకరు చెయ్యకుండా కొలుస్తారు.

ఇంకో మెలిక. రాగితో కొలిచిన రోజుల్లో కూడా పుస్తకాల్లో పీఎస్ఐ అనే రాసేవారు! అంటే పాత పుస్తకంలో 50,000 పీఎస్ఐ అని ఉంటే అది ఈనాటి పీఎస్ఐ కాదు. ఆ రెండింటినీ పోల్చి "ఇంకా బోలెడు జాగా ఉంది" అనుకున్నవాడి గతేమిటో ఊహించుకోండి. లిమిట్ పెరిగినట్టు నాకు కనిపించింది గానీ, నిజానికి పెరిగింది లిమిట్ కాదు, మారింది కొలబద్ద. కొత్త కొలబద్దతో చూస్తే పాత కొలతల్లో కొన్ని గీత దాటి ఉన్నాయని బయటపడింది. అందుకే తగ్గించారు. మందు బ్యాచ్‌లు, ప్రైమర్లు మారడం కూడా ఒక కారణం.

ప్రెషర్ లిమిట్‌కీ వేగం కోరికకీ మధ్య నలిగితే ఏమవుతుందో చెప్పే పెద్ద ఉదాహరణ ఎమ్16. సెకనుకి 3,250 అడుగుల వేగం కావాలి, ప్రెషర్ 52,000 దాటకూడదు అని అమెరికా సైన్యం స్పెసిఫికేషన్ రాసింది. రైఫిల్‌ని తీర్చిదిద్దిన మందుతో రెండూ కలిపి నమ్మకంగా సాధించడం కుదరలేదు. 1964లో మందు మార్చారు. కాగితం మీద రెండు అంకెలూ పాసయ్యాయి. కానీ ఆ మందుతో రైఫిల్ అనుకున్నదానికంటే వేగంగా కొట్టుకుంది, లోపల మసి పేరుకుంది. వియత్నాంలో రైఫిళ్ళు జామ్ అయ్యి సైనికులు చనిపోయారు. ఛాంబర్‌కి క్రోమ్ పూత లేకపోవడం, శుభ్రం చేసే సామాన్లు సరిగ్గా ఇవ్వకపోవడం కూడా తోడయ్యాయి. 1967లో అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం సైన్యాన్ని గట్టిగానే తప్పుపట్టింది. రెండు అంకెల మధ్య ఇరుక్కున్నప్పుడు వేగం కోరిక కాస్త తగ్గించుకుని ఉంటే ఎంత బావుండేది!

ఇదంతా చదివాక, బాధ్యతగా హ్యాండ్‌లోడింగ్ చేసేవాళ్ళ నియమాలు చాదస్తంగా అనిపించడం మానేశాయి. మందు తయారుచేసినవాళ్ళు పరీక్షించి ఇచ్చిన తాజా డేటానే వాడాలి. పై అంకెతో కాదు, కింది అంకెతో మొదలుపెట్టాలి. గుండు, తొడుగు, ప్రైమర్, మందు, ఏది మారినా మళ్ళీ కిందినుంచి రావాలి. బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా ఉండాలి. క్రోనోగ్రాఫ్‌లో పుస్తకం చెప్పినదానికంటే ఎక్కువ వేగం కనిపిస్తే సంతోషించకూడదు, ఆగిపోవాలి. వేగం ఊరికే రాదు, ఎక్కడో ప్రెషర్ రూపంలో బిల్లు కట్టే ఉంటారు. ప్రైమర్ చదునవ్వడం, బోల్ట్ బిగుసుకోవడం లాంటి సంకేతాలున్నాయి గానీ, అవి కనిపించేసరికి చాలాసార్లు గీత దాటిపోయి ఉంటారు. కనిపించకపోతే క్షేమం అనీ కాదు. అదీ మళ్ళీ రంగు చూసి ఉక్కు కాల్చడమే.

సోమవారం లంచ్‌లో మా పెద్దాయనకి చెప్పాను. "మీ నాన్న అబద్ధం చెప్పలేదు. ఆయనకి ఏమీ కాలేదు, నిజమే. కానీ ఆయన రైఫిల్ తయారుచేసినవాళ్ళు వదిలిపెట్టిన మార్జిన్‌లోంచి ఆయన ముప్పయ్యేళ్ళు అప్పు తీసుకున్నాడు. ఇంకా ఎంత మిగిలిందో ఆయనకీ తెలీదు, మీకూ తెలీదు. పైగా అది ఆయన రైఫిల్, మీది వేరు."

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆ తూటాలు మా అబ్బాయికి ఇద్దామనుకున్నాను" అన్నాడు.

ఆ వారాంతం ఆ రెండు పెట్టెలూ ఒక్కొక్కటిగా విప్పి, మందు పారబోశాడట. నోట్‌బుక్కు మాత్రం దాచుకున్నాడు. మొదటి పేజీలో, తండ్రి చేతిరాత కింద, "చదవడానికి మాత్రమే" అని రాసిపెట్టాడు.

నాకూ ఒకటి మిగిలింది. ప్రొడక్షన్‌లో రెండేళ్ళుగా నడుస్తోంది, ఏమీ కాలేదు కదా అని రివ్యూల్లో ఎవరైనా అంటే, ఇదివరకు తలూపేవాణ్ణి. ఇప్పుడు "ఎప్పుడైనా కొలిచారా?" అని అడుగుతున్నాను. కొంతమందికి నా మీద కోపం వస్తోంది, రానీండి.