'ఎమ్': ఒక నేరచిత్రానికి జరిగిన పాఠపరిష్కరణ

ఈ మధ్య మా ఎం.ఏ. విద్యార్థులకు ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'ఎమ్' అనే జర్మన్ చిత్రాన్ని బ్లూరే డిస్కు మీద చూపించాను. రాత్రివేళ పోలీసులు బారులు తీరి ఒక వీధిలోకి దిగే ఘట్టం వచ్చింది. తెర మీద అంతమంది మనుషులు కదులుతున్నా ఒక్క చప్పుడు లేదు. వెనుక వరుసలోని ఒక అమ్మాయి లేచి, "సార్, స్పీకరు పోయినట్టుంది, చూడమంటారా?" అని అడిగింది. కూర్చోమన్నాను. కాసేపటికి ఒక ఈల గదంతా మోగింది. స్పీకరుకేమీ కాలేదని అందరికీ తెలిసింది.

ఆ అమ్మాయి సందేహం సామాన్యమైనది కాదు. ఆమెకు తొంభయ్యేళ్ల క్రితమే ఇలాంటి సందేహం కలిగినవారున్నారు. ఆ నిశ్శబ్దాన్ని లోపమనుకొని తరువాతి కాలంలో 'దిద్దిన' వారూ ఉన్నారు. నేను విద్యార్థిగా ఉన్న 1990ల తొలి సంవత్సరాల్లో ఈ చిత్రాన్ని అరిగిపోయిన వీడియో కేసెట్టు మీద చూశాను. అప్పుడు చూసినదీ ఇప్పుడు చూసినదీ ఒకే చిత్రమని చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు. ఈ రెండింటి మధ్య జరిగిన కథే ఈ వ్యాసవిషయం. ప్రాచీన కావ్యాల పాఠపరిష్కరణ గురించి తరగతిలో వినే మన విద్యార్థులకు ఈ కథ దగ్గరిదే అవుతుంది.

ముందుగా చిత్రాన్ని గురించి. 'ఎమ్' 1931 మే 11న బెర్లిన్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. మూకీ చిత్రాలతో పేరుపొందిన లాంగ్‌కు ఇది మొదటి టాకీ. రచన ఆయనా, ఆయన భార్య థేయా ఫాన్ హార్బో కలిసి చేశారు. ఛాయాగ్రహణం ఫ్రిట్జ్ ఆర్నో వాగ్నర్‌ది. నగరంలో చిన్నపిల్లలను చంపుతున్న ఒక వ్యక్తిని ఒకవైపు పోలీసులు, మరొకవైపు దొంగల ముఠాలు వెతుకుతుంటారు. పోలీసుల సోదాల వల్ల దొంగల వ్యాపారం దెబ్బతింటోంది కాబట్టి హంతకుణ్ణి తామే పట్టుకోవాలనుకుంటారు. ఊరిలోని బిచ్చగాళ్లను కాపలా పెడతారు. చివరకు పట్టుకొని, మూతపడిన ఒక సారా బట్టీలో తమదైన న్యాయస్థానం ఏర్పాటు చేస్తారు. హంతకుడుగా నటించిన పీటర్ లోర్రే అక్కడ చెప్పుకొనే మాటలు చిత్రానికి ప్రాణం. తనను తాను అదుపు చేసుకోలేని మనిషిని ఏమి చేయాలి? మందకు తీర్పు చెప్పే అధికారం ఉందా? ఈ రెండు ప్రశ్నలకూ చిత్రం తేలిక సమాధానం ఇవ్వదు.

ఆ ప్రశ్నలు ఆనాడు ఊహాజనితాలు కావు. డ్యూసెల్డార్ఫ్ నగరంలో వరుసహత్యలు చేసిన పీటర్ కుర్టెన్ విచారణ 1931 ఏప్రిల్‌లో జరిగింది. అతనికి శిరచ్ఛేదం అమలైంది ఆ సంవత్సరం జూలై 2న. అంటే ఈ చిత్రం విడుదలయ్యేనాటికి నిజమైన హంతకుడొకడు జైలులో ఉన్నాడు. అతణ్ణి ఏం చేయాలన్న విషయం దేశమంతటా చర్చలో ఉంది.

భాషాశాస్త్ర విద్యార్థులు ఈ చిత్రంలో శబ్దాన్ని ప్రత్యేకంగా గమనించాలి. ఇందులో నేపథ్యసంగీతం లేదు. హంతకుడు ఈలవేసే ఒక వరుస మాత్రం ఉంది. అది నార్వే స్వరకర్త గ్రీగ్ 'పీర్ గింట్' నాటకానికి కూర్చిన సంగీతంలోనిది. ఆ ఈలను గుర్తుపట్టేది బుడగలమ్మే ఒక గుడ్డివాడు. కళ్లున్న నగరమంతా చూడలేనిదాన్ని చెవి పట్టుకుంటుంది. మొదటి ఘట్టంలో తల్లి కూతురి కోసం పేరుపెట్టి పిలుస్తుంటే తెర మీద ఖాళీ మెట్లు, ఖాళీ అటక, భోజనబల్ల మీద ముట్టని పళ్లెం కనిపిస్తాయి. ఆ తర్వాత దొర్లి ఆగిన బంతి, తీగలకు చిక్కుకున్న బుడగ కనిపిస్తాయి. అక్కడ పిలుపు కూడా ఉండదు. శబ్దం ఉన్న చోటికీ లేని చోటికీ గల తేడాలోనే అర్థం ఉంది. లిపిలో రెండు పదాల మధ్య వదిలిన ఖాళీకి ఎంత పని ఉందో ఇక్కడ నిశ్శబ్దానికి అంత పని ఉంది.

పేరు విషయం కూడా చెప్పుకోవాలి. దొంగల మనిషి ఒకడు అరచేతిలో సుద్దముక్కతో 'ఎమ్' అక్షరం రాసుకొని హంతకుడి భుజం మీద చరిచి ముద్ర వేస్తాడు. జర్మన్‌లో హంతకుణ్ణి తెలిపే 'మ్యోర్డర్' అనే మాటకు అది తొలి అక్షరం. ఇంగ్లీషు మాటకూ ఫ్రెంచి మాటకూ అదే తొలి అక్షరం కావడంతో ఆ భాషల్లో పేరు మార్చే అవసరం రాలేదు. తెలుగులోకి తెస్తే భుజం మీద 'హ' అని రాయాలి!

ఇక ప్రతుల చరిత్ర. తొలి ప్రదర్శననాటి నిడివి 3,208 మీటర్లు, అంటే సుమారు 117 నిమిషాలు. నేడు లభించే పరిష్కృత ప్రతి సుమారు 110 నిమిషాలది. ఆ ఏడు నిమిషాలు ఇంకా దొరకలేదు. మన పరిభాషలో దాన్ని గ్రంథపాతం అంటాం. 1933లో లాంగ్, యూదుడైన లోర్రే ఇద్దరూ జర్మనీ విడిచిపోయారు. 1934లో నాజీ ప్రభుత్వం చిత్రాన్ని నిషేధించింది. నిషేధించి ఊరుకోలేదు. 1940లో యూదులపై ద్వేషం రెచ్చగొట్టడానికి తీసిన ఒక ప్రచారచిత్రంలో లోర్రే చివరి ప్రసంగం ముక్కను అతికించుకుంది. ఒక నటుడు పాత్రగా పలికిన వేదనను ఒక జాతి స్వభావానికి సాక్ష్యంగా చూపారు. సందర్భం నుంచి విడదీసిన వాక్యం ఎంత పని చేయగలదో చెప్పడానికి ఇంతకన్న భయంకరమైన ఉదాహరణ నాకు తెలియదు.

1960లో జర్మనీలో చిత్రాన్ని మళ్లీ విడుదల చేసినవారిది దురుద్దేశం కాదు. కొత్త తరానికి పాత చిత్రం నచ్చాలని వారి కోరిక. అందుకని కొన్ని కత్తిరింపులు చేశారు. నిశ్శబ్ద ఘట్టాలకు చప్పుళ్లు చేర్చారు. మన పరిభాషలో ఇవి ప్రక్షిప్తాలు. బొమ్మ చట్రం కూడా దెబ్బతింది. తొలి టాకీలలో ఫిల్ము అంచున శబ్దపు పట్టీకి చోటు ఇవ్వవలసిరావడంతో బొమ్మ దాదాపు చతురస్రంగా ఉండేది. వెడల్పు ఎత్తుకు 1.19 రెట్లు మాత్రమే. తరువాత వచ్చిన వెడల్పు చట్రంలో దాన్ని ప్రదర్శిస్తే పైనా కిందా కొంత పోతుంది. లోకమంతా చాలాకాలం చూసింది ఇటువంటి ప్రతులనే.

2000 ప్రాంతంలో నెదర్లాండ్స్ చలనచిత్ర మ్యూజియం, జర్మన్ ఫెడరల్ ఆర్కైవు, స్విట్జర్లాండ్ సినిమాతెక్ మొదలైన సంస్థల సహకారంతో పరిష్కరణ జరిగింది. మిగిలిన మూల నెగెటివు ఆధారంగా, అందులో లేని భాగాలను ఇతర ప్రతుల నుంచి తీసుకొని పూరించారు. చేర్చిన చప్పుళ్లను తొలగించారు. 1.19 చట్రాన్ని తిరిగి నిలిపారు. ఈ పనిమీద ఆధారపడి 2010లో అమెరికాలో క్రైటీరియన్ సంస్థ, ఇంగ్లండులో యురేకా సంస్థ విడివిడిగా బ్లూరే డిస్కులు వెలువరించాయి.

హై డెఫినిషన్ వల్ల కలిగిన మేలు కేవలం కంటికింపు కాదు. కత్తులు కటార్లు అమర్చిన దుకాణం అద్దంలో ఒక పాప ప్రతిబింబం హంతకుడి కంటబడే దృశ్యం ఉంది. పాత కేసెట్టులో అది మసకమసకగా ఉండి, అతని ముఖం ఎందుకు మారిందో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు కత్తుల మధ్య చిక్కిన ఆ పసిముఖం స్పష్టంగా కనబడుతుంది. పదివేల మార్కుల బహుమతి ప్రకటన మీద పాప బంతి కొడుతుండగా ఆ కాగితం మీదికి వచ్చి పడే నీడ అంచులు కూడా తెలుస్తాయి. వ్యాఖ్యాత లేకుండానే పద్యం అర్థమైనట్టయింది.

రెండో మేలు పాఠాంతరం. ఆ రోజుల్లో ఒకే చిత్రాన్ని వేర్వేరు భాషలవారి కోసం కొంత తిరిగి తీసి, కొంత గొంతు మార్చి తయారుచేసేవారు. 'ఎమ్'కు అలా వచ్చిన ఇంగ్లీషు రూపం రెండు డిస్కుల్లోనూ ఉంది. అందులో లోర్రే తన ప్రసంగాన్ని స్వయంగా ఇంగ్లీషులో పలికాడు. రెండింటినీ వెంటవెంటనే చూస్తే, మాతృభాష అయిన జర్మన్‌లో అతని గొంతు ఎక్కడ విరిగిందో, కొత్తగా పట్టుకున్న ఇంగ్లీషులో ఎక్కడ తడుముకున్నదో తెలుస్తుంది. రెండు భాషల మధ్య పెరిగిన మన పిల్లలకు ఈ తేడా వివరించి చెప్పనక్కరలేదు.

లోపమూ ఉంది. చిత్రంలో తల్లులూ పిల్లలూ మాట్లాడేది బెర్లిన్ వాడల్లోని పలుకుబడి. అధికారులది వేరు. సబ్‌టైటిళ్లలో అందరూ ఒకే చదువుకున్న ఇంగ్లీషు మాట్లాడతారు. హోసూరు తెలుగునూ బరంపురం తెలుగునూ పాఠ్యపుస్తకపు తెలుగులోకి మార్చి అచ్చువేస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది. బొమ్మలో గీతను తుడిచిన శ్రద్ధ మాటలోని యాసను నిలపడంలో లేకపోయింది.

గ్రంథపాతం, ప్రక్షిప్తం, నిషేధం, పరిష్కరణ అనే ఈ నాలుగు మెట్లూ మన సాహిత్యంలోనూ ఉన్నాయి. అందులో ప్రసిద్ధమైన ఉదాహరణ తెలుగునేలకు వెలుపలిదే. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని 'రాధికాసాంత్వనము' రచించింది. పంతొమ్మిదో శతాబ్దం చివర అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలూ కవయిత్రి తనను గురించి చెప్పుకున్న భాగాలూ లోపించాయి. మైసూరు సీమలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి, అచ్చుప్రతితో పోల్చి, 1910లో మద్రాసులోని వావిళ్లవారి ద్వారా సమగ్రప్రతిని ప్రకటించింది. కొద్దికాలానికే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో నిషేధం తొలగి, 1952లో పుస్తకం మళ్లీ వచ్చింది. నిశ్శబ్దానికి చప్పుడు చేర్చినవాడూ, పద్యాన్ని అచ్చుకు ఇవ్వకుండా ఆపినవాడూ పాఠకుడికి మేలు చేస్తున్నామనే అనుకున్నారు. పరిష్కర్త చేయవలసిన మొదటి పని ఆ మేలును వెనక్కి తీసుకోవడం.

అయితే పరిష్కరించడానికి ఒక ప్రతి అయినా మిగిలి ఉండాలి. 'ఎమ్' వెలువడిన 1931లోనే అక్టోబరు 31న 'కాళిదాస్' అనే టాకీ మద్రాసులో విడుదలైంది. బొంబాయిలో హెచ్.ఎం. రెడ్డి తీసిన ఆ చిత్రాన్ని తొలి తమిళ టాకీ అంటారు గాని, అందులో తెలుగు సంభాషణలూ ఉన్నాయి. ఆయనే బొంబాయిలో తీసిన 'భక్త ప్రహ్లాద' పూర్తిగా తెలుగులో మాట్లాడిన తొలి చిత్రం. దానికి మూలం బళ్లారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం. నటించినవారు సురభి కళాకారులు. అంటే మన భాష తెర మీద మాట్లాడడం నేర్చుకున్నది బళ్లారి రచయిత మాటలతో, బొంబాయి స్టూడియోలో. ఈ రెండు చిత్రాల్లో ఏదీ నేడు చూడటానికి లభ్యం కాదు. 'భక్త ప్రహ్లాద' విడుదల తేదీని 1931 సెప్టెంబరు 15 అని చాలాకాలం రాసుకున్నాం. పత్రికా రచయిత రెంటాల జయదేవ పాత పత్రికలూ సెన్సారు వివరాలూ పరిశీలించి, బొంబాయిలో అది 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని చూపిన తర్వాత ఆ తేదీ మారింది. మనకు మిగిలిన పరిష్కరణ అంతవరకే. సుద్దముద్రను కూడా స్పష్టంగా చూపగల డిస్కు బెర్లిన్ చిత్రానికి ఉంది. మన చిత్రానికి విడుదల తేదీ మాత్రం ఉంది.

పుణెలో జాతీయ చలనచిత్ర భండాగారం ఏర్పడింది 1964లో. అప్పటికే తొలి టాకీల ఫిల్ములు చాలావరకు పాడైపోయాయి. కాని సినిమా అంటే ఫిల్ము ఒక్కటే కాదు. సినిమాహాలు వాకిట అమ్మిన పాటల పుస్తకాలు, కరపత్రాలు, గ్రామఫోను రికార్డులు, టికెట్టు ముక్కలు కూడా ప్రతులే. అవి షోలాపురంలో, బరంపురంలో, బళ్లారిలో, మద్రాసులో, యానాంలో, మన ఇళ్ల అటకల మీద ఉండవచ్చు. ఈ సంచిక చదివే విద్యార్థులు సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒకసారి అటక ఎక్కి చూడాలని నా కోరిక. చిరిగిందని, పనికిరాదని మీరే నిర్ణయించి పారవేయవద్దు. దొరికినది దొరికినట్టే తీసుకురండి. అంచులు కత్తిరించకండి. వెలిసిన అక్షరాల మీద కలంతో దిద్దకండి. ఖాళీ ఉన్న చోట ఖాళీని అలాగే ఉంచండి.