ఊళ్ళ పేర్లు – ఏలికలు, ప్రజలు

పేరు కేవలము గుర్తుకొఱకు బెట్టిన శబ్దమే గదా, దానిలో నేమున్నదని కొందఱందురు. తాను పుట్టిన యూరి పేరును ఒరులెవ్వరును మార్చనివానికి ఇది సులభముగా తోచు మాట. రాజ్యమును గెలిచినవాడు మొదట కోటను, పిదప బొక్కసమును, అటుపిమ్మట ఊళ్ళ పేర్లను తన వశము గావించుకొనుట చరిత్రలో పలుమాఱు కనబడుచున్నది. పేరు నిజముగా వట్టి శబ్దమైనచో ప్రభువులు దానికొఱకేల యంత శ్రమపడుదురు? ప్రజలు ఇండ్లు తగులబెట్టుకొనునంతవఱకు ఏల కలహింతురు? కావున ఊరికి పేరు పెట్టు హక్కెవరిదను ప్రశ్న విచారింపదగినదే.

ఈ విషయమున ఐర్లండు దేశము మనకు మంచి పాఠము. ఆ దేశమునకును తెలుగునాటికిని చిన్న చుట్టఱికము కూడ కలదు. బెల్ఫాస్టు నగరమున జన్మించిన కవి జేమ్సు కజిన్సు మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యక్షుడై యుండగా, 1919వ సంవత్సరమున రవీంద్రనాథ ఠాకూరు అచ్చట బస చేసి జనగణమన గీతమును ఆంగ్లమునకు మార్చెను. కజిన్సు భార్య మార్గరెటు దాని స్వరరచనకు తోడ్పడెను. ఆ కవి పుట్టిన నగరము పేరే మన విషయమునకు మొదటి దృష్టాంతము. ఐరిషు భాషలో ఇసుకమేట యొద్ద నదీముఖమని యర్థమిచ్చు మాట ఆంగ్లేయుల నోటబడి బెల్ఫాస్టయ్యెను. అర్థము నశించెను, ధ్వనిలో నొక తునుక మాత్రము మిగిలెను.

ఇట్టి మార్పులు ఆ దేశమున రెండు విధముల జరిగినవి. మొదటిది అధికారముచే పేరు నెత్తివేయుట. ఓకు చెట్ల తోపని యర్థముగల డెరీ యను పట్టణమునకు 1613లో రాజశాసనముచే లండను వర్తకసంఘముల పేర ‘లండన్‌డెరీ’ యను నామము కలిగెను. 1821లో నాలుగవ జార్జిరాజు వచ్చిపోయెనని డన్‌లీరీ రేవునకు ‘కింగ్స్‌టౌను’ అనియు, 1849లో విక్టోరియా రాణి కాలుమోపెనని కోవ్ రేవునకు ‘క్వీన్స్‌టౌను’ అనియు పేర్లు పెట్టిరి. రెండవది లెక్కలు వ్రాయువాని కలముచే జరుగు మార్పు. 1824లో నారంభమైన భూమాపనమున ప్రతి గ్రామనామమును ఆంగ్లలిపిలో నిర్ణయింపవలసి వచ్చెను. జాన్ ఓ’డోనవన్ అను ఐరిషు పండితుడు పల్లెపల్లె దిరిగి, వృద్ధులను విచారించి, ప్రాచీన గ్రంథములను శోధించి అసలు రూపములను గుర్తించెను. అయినను పటముమీద అచ్చుపడినవి ఆంగ్లేయుల నాలుకకు లొంగిన రూపములే. ఊరని యర్థమిచ్చు ‘బాలె’ వేలకొలది పేర్లలో ‘బాలీ’గా మాఱెను.

స్వాతంత్ర్యోద్యమము బలపడిన పిదప కింగ్స్‌టౌను 1920లో మరల డన్‌లీరీ యయ్యెను. క్వీన్స్‌టౌనును అట్లే కోవ్ అయ్యెను. బ్రిటిషు పాలనలో నిలిచిన యుత్తరభాగమున మాత్రము డెరీ వివాదము చల్లాఱలేదు. ఒకడు డెరీయనునా, లండన్‌డెరీయనునా యను దానినిబట్టి వాని పక్షమును ఊహించు నలవాటచ్చట నేటికిని కలదు. 1984లో పురపాలకసంఘము తన పేరునుండి లండనును తొలగించుకొనెను. కాని నగరమునకు పాత రాజశాసనమునందలి పేరే చెల్లునని 2007లో న్యాయస్థానము తీర్పు చెప్పెను.

ఇంతవఱకు కథ పరాయి ప్రభుత్వము, స్వదేశీయులు అను రెండు పాత్రలతో నడచినది. డింగిల్ పట్టణపు వృత్తాంతము దీనిని తలక్రిందు చేయుచున్నది. ఐరిషు భాషను కాపాడవలెనను సదుద్దేశముతో స్వతంత్ర ఐర్లండు ప్రభుత్వమే ఆంగ్లరూపమును తొలగించి ‘అన్ డైంగన్’ అను పేరే అధికారికమని 2004లో ఉత్తర్వు గావించెను. పట్టణవాసులు సమ్మతింపలేదు. 2006లో వారు వోట్లు వేసికొని ఐరిషు పేరును డింగిలను పేరును జంటగా నుండవలెనని అత్యధికసంఖ్యతో కోరిరి. కడకు 2011లో శాసనమే మాఱవలసి వచ్చెను. పరాయివాడు మార్చినను, తనవాడు మార్చినను, అడుగక మార్చుట యను దోషమొక్కటియే యని దీని వలన తేలుచున్నది.

ఇక మన యింటివైపు చూతము. హైదరాబాదునుండి పడమరగా బిజాపురమునకు బోవు దారిలో ముందు మొయినాబాదు, పిదప చేవెళ్ళ తగులును. డెరీ కా పేరిచ్చిన ఓకుతోపు ఎన్నడో పోయినది గాని, ఈ దారికి నీడనిచ్చిన వందలకొలది మఱ్ఱిచెట్లు మన కాలమువఱకును నిలిచియున్నవి. మొయీను అనగా సహాయకుడు, అరబ్బీ పదము. ఆబాదు అనగా జనముతో నిండినది, పారసీక పదము. ఈ పేరును జూచి, ఇది పరాయిది, తొలగింపుమనువారు కొందఱుండవచ్చును. అట్టివారు చుట్టుపట్ల పల్లెలను ఒక్కసారి లెక్కింపవలెను. ఇబ్రహీంపల్లిలో సగము అరబ్బీ, సగము తెనుగు. ముర్తుజాగూడలోను అంతే. అజీజ్‌నగరులో అరబ్బీ మాటకు సంస్కృతపు ‘నగరము’ తోడయ్యెను. ఖానాపురములో ఖానునకు ‘పురము’ తోడయ్యెను. వీని ప్రక్కనే కనకమామిడి, రావులపల్లి, నాగిరెడ్డిగూడ, దేవుని ఎఱ్ఱవల్లి యున్నవి. ఈ పేర్లను మతమునుబట్టి చీల్చబోవువాడు ఊరిని గాక మాటనే నడుమకు కోయవలసివచ్చును. నాలుగైదు శతాబ్దములు కలిసి బ్రదికిన జనుల చరిత్ర ఆ సంధిలోనే యున్నది.

నిజాము ప్రభువులు పేర్లు మార్చలేదా? మార్చిరి. 1806లో సికందర్ జాహ్ పేర సికింద్రాబాదు వెలసెను. 1890లో పాలమూరు మహబూబునగరయ్యెను. ఇందూరు నిజామాబాదయ్యెను. మెదకుకు గుల్షనాబాదను పేరు పెట్టిరి. హైదరాబాదు చుట్టునున్న జిల్లాకు ‘అత్రాఫె బల్దా’, అనగా నగర పరిసరములు, అని పేరు. ఆ పల్లెలకు నగరము చెంతనుండుట తప్ప వేఱు వ్యక్తిత్వము లేనట్లే! అయితే ఈ యలవాటును ఒక్క మతమువారికే యంటగట్టుట న్యాయము కాదు. రాజమహేంద్రవరమునందున్నదియు రాజు బిరుదమే. గణపతిదేవుడు కాకతీయ రాజ్యమును, కృష్ణదేవరాయలు విజయనగరమును ఏలిన నాళ్ళలోను చెఱువులకును పురములకును ఏలికల యొక్కయు, వారి యింటివారి యొక్కయు పేర్లు కలిగినవి. సింహాసనమెక్కినవాడు తన పేరును నేలమీద వ్రాయగోరును. అది మతగుణము కాదు, అధికారగుణము.

ప్రజల నాలుక మాత్రము ఈ శాసనములను తన యిష్టమువచ్చినట్లే పాటించును. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదున వేలకొలది జనులను బలిగొన్న పిదప, వఱదల నాపుటకును నగరమునకు నీరిచ్చుటకును రెండు జలాశయములు కట్టబడెను. 1920లో పూర్తియైనదానికి ఏడవ నిజాము పేర ఉస్మానుసాగరమనియు, 1927లో పూర్తియైనదానికి ఆయన జ్యేష్ఠపుత్రుని పేర హిమాయతుసాగరమనియు పేర్లు. ఉస్మానుసాగరమును జనులు ప్రక్క యూరినిబట్టి గండిపేట చెఱువనుచునే యున్నారు. హిమాయతుసాగరమును మాత్రము హిమాయతుసాగరమనియే యనుచున్నారు. పాలమూరు, ఇందూరు అను మాటలు శతాబ్దము గడచినను చావలేదు. సికింద్రాబాదను పేరును జనుల నోట నిలిచెను. ప్రజల నోటికి ద్వేషము లేదు. దానికి నచ్చినది నిలుచును, నచ్చనిది రాతిఫలకముపై నుండిపోవును.

ఫర్మానాకంటె నెక్కువ హాని చేసినది మన దేశమునను వ్రాతగాని కలమే. 1884లో హైదరాబాదు రాజ్యమున పారసీకమునకు బదులు ఉర్దూ అధికారభాష యయ్యెను. ఉర్దూ లిపిలో ళకారమునకును ణకారమునకును అక్షరములు లేవు. హ్రస్వములైన ఎ, ఒలకు వేఱు గుర్తులు లేవు. హ్రస్వాచ్చులను సాధారణముగా వ్రాయనే వ్రాయరు. తెనుగు రైతు చెప్పిన యూరి పేరు ఆ లిపిలోనికి బోవునప్పుడు కొంత పోగొట్టుకొనెను. పిదప దానిని ఇంగ్లీషులోనికి దింపునప్పుడు మఱికొంత పోయెను. చేవెళ్ళ యను మాటలో మొదటి దీర్ఘమును గాని, కడపటి జంట ళకారమును గాని ఇంగ్లీషు వ్రాత తెలుపజాలదు. నేడు ఆ యింగ్లీషు ఫలకమును జూచి తెనుగువాడే ‘చెవెల్ల’ యనుచున్నాడు. ఓ’డోనవన్ కాలపు ఐర్లండునకును మనకును ఇచ్చట భేదము లేదు.

రాజుల కాలము గడచినది. నాయకుల కాలము వచ్చినది. మొయినాబాదు మండలములోని పెద్దమంగళారమున జన్మించిన కొండా వెంకట రంగారెడ్డి 1936లో షాద్‌నగరమున జరిగిన నిజామాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించెను. నగరమున తెలుగు మాటలాడబోయిన వక్తను ఎగతాళి చేసిన యవమానము వలన 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘమే ఆ మహాసభకు మూలము. 1978లో హైదరాబాదు జిల్లానుండి పల్లెసీమను వేఱుచేసి ఆయన పేర రంగారెడ్డి జిల్లాను ఏర్పఱచిరి. అత్రాఫె బల్దా యను పేరుతో పోల్చినచో, తమ నేల పుట్టించిన మనుష్యుని పేరు జిల్లా కుండుట గౌరవమే. అయినను ఆ పేరును నిర్ణయించినదియు ప్రభుత్వమే గాని పల్లెలు గావు.

పేరు వెనుక కులమున్నప్పుడు సంగతి మఱింత తీవ్రమగును. 2022లో కోనసీమ జిల్లాకు డాక్టరు అంబేద్కరు పేరు చేర్చగోరినందుకు మే 24న అమలాపురమున అల్లరులు చెలరేగి, మంత్రి యొకరి యింటికిని శాసనసభ్యుడొకరి యింటికిని నిప్పంటించిరి. ఎన్నో జిల్లాలకు ఎందఱో నాయకుల పేర్లు పెట్టగా మండని మంట ఈ పేరునకే యేల మండెను? రాజ్యాంగ రచనాసంఘమునకు అధ్యక్షుడైన మహానుభావుని పేరు తమ జిల్లాపై నుండుట కొందఱికి భరింపరానిదగుట, మన సంఘమునందలి వ్యాధి యింకను కుదురలేదనుటకు సాక్ష్యము. ఆ సంవత్సరముననే ఆ పేరు స్థిరపడెను.

ఊరి పొలిమేరలందలి వాడల పేర్లను తలచుకొన్నచో మన సంస్కర్తలును నేర్చుకొనవలసినది కలదు. కులమును చాటి యవమానించు వాడపేర్లకు బదులు, గాంధీమహాత్ముడు ప్రచారము చేసిన ‘హరిజన’ శబ్దమును తీసికొని ఊరూర హరిజనవాడ లేర్పఱచిరి. ఉద్దేశము దయతో గూడినదే. కాని ఆ పేరును ధరింపవలసినవారిని ఎవ్వరడిగిరి? అంబేద్కరు దాని నంగీకరింపలేదు. పిమ్మట ప్రభుత్వమే ఆ పదమును వాడరాదని యాజ్ఞాపించెను. డింగిల్ పట్టణమున భాషాభిమానులు చేసిన పొరపాటే ఇచ్చట దయాళువులును చేసిరి. ప్రేమతో నిచ్చినదైనను, అడుగక యిచ్చిన పేరు ఇచ్చినవానిదే గాని పొందినవానిది కాదు. 2020 డిసెంబరులో మహారాష్ట్ర ప్రభుత్వము కులనామములుగల వాడల పేర్లను మార్పదలచినది. అట్టి పని మనకును కావలయును. కాని క్రొత్తపేరు ఆ వాడలోని వారి సభయందే పుట్టవలెను.

మఱియొక యపాయము మన కన్నులయెదుటనే జరుగుచున్నది. 1996లో ఆ రెండు జలాశయములను కాపాడుటకై ప్రభుత్వము 111వ సంఖ్యగల ఉత్తర్వున 84 గ్రామములను పేరుపేరున లెక్కించి, అందు కట్టడములను నిర్బంధించెను. మొయినాబాదు, చేవెళ్ళ మండలముల గ్రామములును అందున్నవి. ఊరి పేరు ఆ పట్టికలో నుండుట, లేకుండుట యనుదానిపై ఎకరము వెలయు, చెఱువు బ్రదుకును ఆధారపడెను. 2022లో మఱియొక యుత్తర్వు ఆ నిర్బంధములను సడలించెను. పొలములు ఇండ్లస్థలములగుకొలది వానికి ఇంగ్లీషు పేర్లు మొలచుచున్నవి. ఏ దేశమునకైనను సరిపోవునట్టి పేర్లవి. వాని క్రింద చాకలికుంట, రావిచేను, ఊరకట్టు కాలువ వంటి పేర్లు పాతిపెట్టబడుచున్నవి. ఇది వేడుకకొఱకు చెప్పుట కాదు. కుంట పేరు మఱచిన తరము కుంట యుండెనని సాక్ష్యమీయజాలదు. సాక్షి లేని కుంటను పూడ్చుట సులభము.

కావున మనము చేయదగినవి మూడు. మొదటిది, మతము జూచి పేర్లను పెఱికివేయు నుత్సాహమునకు లోబడకుండుట. మొయినాబాదును చేవెళ్ళయు రెండును మనవే. రెండవది, వ్రాతలో చెడిన పేర్లను ఊరివారి యుచ్చారణనుబట్టి సవరింపుమని అడుగుట, అవమానకరమైన పేర్లను ఆ వాడవారి నిర్ణయము ననుసరించి మార్పుమని కోరుట. మూడవది, ఏ ప్రభుత్వముతోను పనిలేక ప్రతి గృహమును చేయగలది. ఇంటిలోని వృద్ధులను, ఊరి నీరటికానిని, మేకలు గాచిన ముసలమ్మను అడిగి చేనికి, వాగునకు, కుంటకు, గుట్టకు గల పేర్లను పిల్లలచేత ఒక పుస్తకమున వ్రాయింపుడు. ఓ’డోనవన్ సేకరించిన పేర్లు ఆనాటి పటముమీద తమ రూపమున నిలువకపోయినను, తరువాతి తరమువారు తమ యూళ్ళ యర్థము వెదకికొన్నప్పుడు ఆ వ్రాతలే వారి కాధారమైనవి. మన పిల్లలకును అట్టి యాధారము కావలెనన్నచో, చెప్పగలవారు బ్రదికియుండగనే వ్రాసికొనవలెను.