నాడిని వదిలేసిన చెయ్యి

ఎడ్వర్డ్ లారీ ఓడిపోయాడు. ఆ సంగతి ముందే తెలిసి ఆయన కథ చదువుతుంటే, ఆయన ధీమాగా వేసిన ప్రతి అడుగూ మనసును పిండేస్తుంది.

1880లలో ఆయన రెసిడెన్సీ సర్జన్‌గా హైదరాబాదు వచ్చాడు. పల్లెపట్టుల్లో కాలు విరిగితే పళ్లు బిగబట్టి కట్టు కట్టించుకునే రోజులవి. అదే నిజాం ఏలుబడిలో, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో, లారీ క్లోరోఫాం అనే మత్తుమందు ఇచ్చి రోగి నిద్రలో ఉండగానే కోత ముగించేవాడు. ఎంత దయగల విద్య అది!

ఊపిరిని చూడు, నాడి జోలికి పోకు: గురువు జేమ్స్ సైమ్ దగ్గర నేర్చిన ఆ పాఠమే ఆయనకు వేదం. ఆయన చేతిలో వేలమంది నిద్రపోయి, క్షేమంగా లేచారు. కానీ 1848లోనే, ఇంగ్లండులో, కాలిగోరు తీయించుకోబోయిన పదిహేనేళ్ల హన్నా గ్రీనర్ క్లోరోఫాం పీల్చిన కాసేపటికే కన్నుమూసింది. ఆ పిల్ల ఎందుకు పోయిందన్న ప్రశ్న అలాగే మిగిలింది.

1889లో నిజాం మహబూబ్ అలీఖాన్ ధనసాయంతో, లాన్సెట్ వైద్యపత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు, ఊపిరే ముందు ఆగుతుందన్న లారీ మాట మీద సందేహంతోనే హైదరాబాదు వచ్చాడు. 400కు పైగా జంతువుల మీద పరీక్షలు జరిగాయి. ముందు ఊపిరి ఆగింది, తర్వాతే గుండె. బ్రంటన్ సందేహం కరిగిపోయింది. అయ్యో, అది కరగకుండా ఉంటే! మోతాదు మించిన మత్తులో ఊపిరే ముందు ఆగుతుంది. మత్తు ఇంకా పలచగా ఉన్నప్పుడు, భయంతో కొట్టుకునే గుండె సంగతి వేరు. ఆ తేడా ఆనాడు వాళ్లకు తట్టలేదు.

1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే పరిశోధకులు క్లోరోఫాం గుండెనే దెబ్బతీస్తుందని చూపారు. ఆగి ఆలోచించడానికి అదొక అవకాశం. లారీ ఆగలేదు. 1908లో మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని కూల్చింది. 1911లో గుడ్‌మన్ లెవీ పరిశోధన లారీ సిద్ధాంతాన్నే కూల్చింది: పలచని మత్తులోనే గుండె లయ తప్పి, హఠాత్తుగా ఆగిపోగలదు. నాలుగేళ్లకు లారీ కన్నుమూశాడు.

ఆయన దగ్గర నేర్చుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తువైద్యంలో తొలి మహిళల్లో ఒకరై నిలిచింది. ఆయన నాటిన మంచి అంతా వాడిపోలేదు.

లారీ అబద్ధమాడలేదు. తన చేతిలో బతికినవాళ్లను కళ్లారా చూశాడు, వాళ్లనే సాక్ష్యంగా నమ్మాడు. దూరాన ఎక్కడో పోయినవాళ్లను మాత్రం మత్తిచ్చినవారి పొరపాటుగా తోసేశాడు. వాళ్ల మణికట్టు మీద ఒక వేలు నిలిచివుంటే కొందరైనా ఇల్లు చేరేవారేమో. వాళ్ల కోసం ఏడుద్దాం. నొప్పి తీర్చాలన్న తపనతోనే తప్పుదారి పట్టిన ఆ మంచి వైద్యుడి కోసమూ ఏడుద్దాం.